నీడ జరిగినా గొలుసు జరగదు

ప్రశ్న: మేము ఖమ్మం జిల్లాలో ఒక చిన్న పట్టణం శివారున ఉంటాము. నేనూ మా వారూ ఉద్యోగస్తులం. ఉదయం తొమ్మిదింటికి వెళితే సాయంత్రం ఆరింటికి గాని ఇల్లు చేరము. మాకు ఏడేళ్ల లాబ్రడార్, రెండేళ్ల నాటు కుక్క ఉన్నాయి. మా అత్తగారికి పూజ, మడి ఉన్నందువల్ల కుక్కలను గడప దాటి లోపలికి రానివ్వము. పెరట్లో వాటికి రేకుల షెడ్డు వేయించాము. పగలు వేపచెట్టు కింద గొలుసులు వేసి, పక్కన స్టీలు గిన్నెలో నీళ్లు పెట్టి వెళతాము. కిందటి ఏడాది మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి లాబ్రడార్ నురగ కక్కుతూ, తూలి పడిపోయింది. ఎదురింటివారు పిచ్చి పట్టిందేమోనని భయపడి దగ్గరకు రాలేదు. మా అత్తగారే ధైర్యం చేసి దానిమీద తడి దుప్పటి కప్పి, జ్వరం బిళ్ల ఒకటి నోట్లో వేశారు. మేము వచ్చాక ఆసుపత్రికి తీసుకెళితే వడదెబ్బ అన్నారు. నాలుగు రోజులు సెలైను ఎక్కించాక బతికింది. నాటు కుక్క మాత్రం ఆ రోజు మెడపట్టీలోంచి తల తప్పించుకుని పోయి స్నానాల గది వెనక పడుకుని ఉంది, దానికేమీ కాలేదు. నీడలోనే కట్టాము, నీళ్లూ పెట్టాము, అయినా ఎందుకలా జరిగింది? ఈ వేసవికి బొచ్చు పూర్తిగా తీయించమంటారా? రోజూ స్నానం చేయించవచ్చా? గోమార్ల బాధ కూడా ఎక్కువగా ఉంది. మే నెలలో ఒక పెళ్లికి రెండు రోజులు ఊరు వెళ్లాలి, అప్పుడేం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో “నీడలోనే కట్టాము” అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. మీరు చెప్పింది నిజమే. తొమ్మిదింటికి మీరు గొలుసు తగిలించి గేటు వేసుకునే వేళకు అక్కడ నీడ ఉండి ఉంటుంది. పొద్దున తూర్పున ఉన్న సూర్యుడు వేపచెట్టు నీడను పడమటివైపు పరుస్తాడు. మే నెలలో మన ప్రాంతంలో మిట్టమధ్యాహ్నానికి సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు గనుక ఆ నీడ కుంచించుకుని చెట్టు మొదలు చుట్టూ చేరుతుంది. మూడింటికి అదే నీడ తూర్పువైపు జరిగిపోతుంది. మీరు లాబ్రడార్‌ను కట్టిన చోట ఆ వేళకు ఎండ తప్ప మరేమీ మిగలదు. నీడ వెంట నాలుగడుగులు జరిగితే బతుకుతుందని దానికి తెలుసు, కాని గొలుసు జరగనివ్వలేదు. మీ నాటు కుక్క మెడపట్టీ తప్పించుకుని స్నానాల గది వెనకకు, నీళ్లు పారి నేల చెమ్మగా ఉండే చోటికి, వెళ్లి పడుకుంది. మీ ప్రశ్నకు సగం జవాబు అదే చెప్పింది. ఒక ఆదివారం ముగ్గు డబ్బా పట్టుకుని తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి, ఐదింటికి నీడ అంచు వెంట పెరట్లో గీత గీసి చూడండి. ఆ నాలుగు గీతల లోపలా కలిసి వచ్చే చోటు మీ పెరట్లో బెత్తెడు కూడా ఉండకపోవచ్చు.

ఇక నీళ్లు. ముప్ఫై కిలోల లాబ్రడార్‌కు మామూలు రోజుల్లోనే రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా కావాలి. వగర్చే కుక్కకు వేసవిలో దానికి రెట్టింపు పట్టినా ఆశ్చర్యం లేదు. స్టీలు గిన్నె ఎండలో ఉంటే అందులోని నీళ్లు బాగా వేడెక్కుతాయి, అలాంటి నీటిని కుక్క మూతి తగిలించి వదిలేస్తుంది. పైగా తేలికైన గిన్నెను గొలుసు ఒక్కసారి ఈడ్చిందంటే నీళ్లన్నీ నేలపాలు. సాయంత్రం మీరు వచ్చి చూసేది ఖాళీ గిన్నె గనుక తాగేసిందని అనుకుంటారు. అందుచేత వెడల్పైన మట్టి గోలెం గాని, బరువైన చిన్న సిమెంటు తొట్టి గాని రెండు వేర్వేరు చోట్ల, రెండూ నీడలోనే ఉండేట్టు, సగం భూమిలోకి దించి పెట్టండి. మట్టిపాత్ర చెమర్చి నీటిని చల్లగా ఉంచుతుందని మన ఇళ్లలో వేరే చెప్పనక్కర్లేదు. రోజూ కడిగి కొత్త నీళ్లు పోయాలి. పాచి పట్టిన తొట్టిలో నీళ్లు ఉన్నా లేనట్టే.

మనకు ఒంటినిండా చెమట పడుతుంది, అది ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. కుక్కకు చెమట పట్టేది పాదాల మెత్తల్లో మాత్రమే. దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. అది ఒంటి వేడిని ప్రధానంగా వగర్చడం ద్వారా, అంటే నాలుక, నోరు, ముక్కు లోపలి తడిని గాలికి ఆరబెట్టడం ద్వారానే పోగొట్టుకుంటుంది. అందుకు రెండు కావాలి: ఆరబెట్టడానికి ఒంట్లో నీరు, ఆరడానికి పొడిగాలి. నీరు లేకపోతే మొదటిది పోతుంది, ఉక్కపోతగా ఉంటే రెండోది పోతుంది. అందువల్లనే ఎండ అంతగా కనిపించని మబ్బు రోజున, వాన పడబోయే ముందు ఉక్కలో కూడా కుక్కలకు వడదెబ్బ తగులుతుంది. కోస్తాలో ఉన్నవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. విజయవాడలోనో, విశాఖలోనో డిగ్రీలు మీకంటే తక్కువ కనబడినా, ఆ చెమ్మగాలిలో కుక్క ఎంత వగర్చినా ఒళ్లు చల్లబడదు. పగ్గు, బుల్‌డాగు, షిట్జూ వంటి చప్పిడి ముక్కు జాతులకు ఊపిరి దారే ఇరుకు గనుక వాటిని మే నెలలో పగటిపూట బయట ఉంచడమే తప్పు. మంచుదేశపు హస్కీలను మన ఊళ్లలో మేడల మీద కట్టి పెంచేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు చోటు సంగతి. రేకుల షెడ్డు పగలు కుక్క ఉండవలసిన చోటు కాదు. పైన రేకు కాగి లోపలికి వేడి చిమ్ముతుంది, మూడువైపులా మూసి ఉంటే గాలి ఆడదు. షెడ్డును తీసేయనక్కర్లేదు. రేకు మీద సున్నం వేయించి, ఆపైన తాటాకులు గాని కొబ్బరి మట్టలు గాని జానెడు మందాన పరిపించి, ఎదురెదురు గోడల్లో రెండువైపులా నేలకు దగ్గరగా జాలీలు పెట్టిస్తే లోపల చాలా తేడా తెలుస్తుంది. పడమటి గోడకు తడక కట్టడం మరిచిపోకండి. పగలంతా కాగిన గోడ చీకటి పడ్డాక కూడా రెండు మూడు గంటలు వేడి వదులుతూనే ఉంటుంది.

అయినా నేను మిమ్మల్ని అడిగేది మరొకటి. వెనక వైపు వసారా ఉంటే దానికి చెక్క తలుపో, ఇనుప జాలీయో పెట్టించి, పగటిపూట రెండు కుక్కలనూ గొలుసు లేకుండా అక్కడ వదిలి వెళ్లండి. వసారా లేకపోతే పెరట్లోని ఆ స్నానాల గదినే వాటికి తెరిచి ఉంచండి. గచ్చు నేల, నీడ, పారుదల మూడూ అక్కడ ఉన్నాయి. మీ అత్తగారి మడికి దీనివల్ల ఏ భంగమూ రాదు, గడప లోపలికి అవి రావడం లేదు. ఎవరూ రాక ముందే దుప్పటి పట్టుకుని దాని దగ్గరకు వెళ్లిన మనిషి, విడమరిచి చెబితే ఇందుకు కాదనరని నా నమ్మకం. పెరడు చుట్టూ ప్రహరీ ఉంటే అసలు గొలుసు అవసరమే లేదు. తప్పనిసరిగా కట్టవలసి వస్తే రెండు చెట్ల మధ్య తీగ లాగి, దానిమీద కడియం జారేట్టు గొలుసు తగిలించండి. అప్పుడది నీడ వెంట నడవగలుగుతుంది. గొలుసు చిక్కుపడకుండా దారిలో అడ్డంకులు లేకుండా చూడాలి. జంతువును మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టి ఉంచడం, యజమాని అయి ఉండీ తగిన తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షను ప్రకారం నేరం. ఈ మాట మిమ్మల్ని ఉద్దేశించి కాదు. దీన్ని చదివే మరికొందరు ఇళ్లలో కుక్క మెడ కింది గొలుసు మూరెడు కూడా ఉండదని తెలిసి రాస్తున్నాను.

బొచ్చు పూర్తిగా తీయించవద్దు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, పొమేరియన్ వంటివాటికి బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది, లోపలి మెత్తని పొర వేసవి రాగానే చాలావరకు రాలిపోతుంది. గుండు గీయిస్తే చర్మం మాడుతుంది, తిరిగి వచ్చే బొచ్చు సరిగా రాకపోవచ్చు కూడా. మీరు చేయవలసింది రాలవలసిన లోపలి పొరను రాలేట్టు చేయడమే. మార్చి నెల నుంచే రోజూ పది నిమిషాలు దువ్వండి. దువ్వెనకు దూదిలాంటి ఉండలు వస్తాయి, అవి తగ్గేదాకా దువ్వాలి. స్నానం మాటకొస్తే, షాంపూ పెట్టి రుద్దడం రెండు మూడు వారాలకొకసారి చాలు. వట్టి నీళ్లతో రోజూ తడపవచ్చు గాని, లాబ్రడార్ బొచ్చు మొదట్లో తడి నిలిచి ఉంటే చర్మం నాని పుండ్లు పడుతుంది గనుక గాలి తగిలే చోట ఆరనివ్వాలి, చెవులు పొడిగుడ్డతో తుడవాలి. ఇంకో మాట. మన ఇళ్లలో మధ్యాహ్నం కుళాయి తిప్పితే వచ్చేది మిద్దెమీది ట్యాంకులో కాగిన నీరు. ఎండలో పడి ఉన్న పైపులో నిలిచిన నీరైతే మరీ సలసలమంటుంది. కుక్క మీద పోసేముందు మీ ముంజేతి మీద పోసి చూసుకోండి.

నడక తెల్లవారుజామున, ఐదు నుంచి ఆరున్నర లోపు ముగించండి. సాయంత్రం నడక ఎనిమిదింటి తర్వాత పెట్టుకోండి. రోడ్డు మీద మీ అరచేతి వెనక భాగం ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. అన్నిసేపు ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్వలేవు. తారు రోడ్డు పొద్దుగూకాక కూడా కాలుతూనే ఉంటుంది, మట్టిబాట మేలు. చల్లని వేళ కదా అని కుక్కను బండి వెనక పరిగెత్తించడం, పిల్లలు బంతి విసిరి గంటసేపు ఆడించడం వద్దు. కూర్చున్న కుక్కకంటే పరిగెత్తిన కుక్కకు ఒంటి వేడి ఎన్నో రెట్లు త్వరగా పెరుగుతుంది, ఆటలో పడిన లాబ్రడార్ తనంతట తాను ఆగదు. మార్చి ఆఖరులో హఠాత్తుగా ఎండ ముదిరిన మొదటి వారం గురించి జాగ్రత్తగా ఉండండి. అప్పటికింకా దాని ఒళ్లు వేడికి అలవాటు పడి ఉండదు, అలవాటు పడటానికి వారాలు పడుతుంది. కారులో తీసుకెళితే ఐదు నిమిషాలే కదా అని లోపల వదిలి తలుపు వేయకండి. నిలిపిన కారులో పది నిమిషాలకే పది డిగ్రీల సెంటీగ్రేడు దాకా వేడి పెరుగుతుంది, అద్దాలు వేలెడు దించినందువల్ల పెద్ద మేలు జరగదు.

ఇన్ని చేసినా ఒకనాడు వడదెబ్బ తగలవచ్చు గనుక, అప్పుడేం చేయాలో ఇంట్లో పగలు ఉండేవారికి, అంటే మీ అత్తగారికి, ముందే చెప్పి ఉంచాలి. మొదట గుర్తుపట్టడం. కుక్క మామూలుగా వగర్చడం వేరు, నాలుక వెడల్పుగా పొడుగ్గా సాగి, మెడ చాచి, నీడలోకి తెచ్చి పది నిమిషాలైనా తగ్గకుండా గురగుర చప్పుడుతో రొప్పడం వేరు. చొల్లు జిగటగా తీగలు సాగుతుంది. చిగుళ్లు లేత గులాబీ రంగులో ఉండవలసినవి ఇటుక ఎరుపుకు తిరుగుతాయి. తర్వాత పాలిపోతాయి. తూలడం, వాంతి, విరేచనం, పిలిస్తే పలకకపోవడం, మూర్ఛ వస్తే పరిస్థితి ముదిరినట్టు. ఇంట్లో కుక్కల కోసమే ఒక డిజిటల్ థర్మామీటరు ఉంచుకోండి. కొనకు కొంచెం కొబ్బరినూనె రాసి మలద్వారంలో అంగుళం మేర పెట్టి చూడాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే. ఎండలో ఉండి 104 దాటితే వెంటనే చల్లబరచాలి, 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది.

మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు, ఆటో కోసం పరిగెత్తడం. ఆసుపత్రి అరగంట దూరమైతే ఆ అరగంట కుక్క ఒళ్లు ఉడుకుతూనే ఉంటుంది. ముందు చల్లబరచాలి, తర్వాతే బయలుదేరాలి. నీడలోకి లాగి, దొరికిన చల్లని నీటిని, కుండలోవైనా బోరువైనా సరే, చెంబులతో ధారగా పోయాలి. కుక్క ఒంటికంటే చల్లగా ఉంటే చాలు, మంచుగడ్డల కోసం ఎవరినో బజారుకు పంపి ఎదురుచూడవద్దు. లాబ్రడార్ బొచ్చుమీద నీళ్లు తామరాకుమీద జారినట్టు జారిపోతాయి. పైన తడిసినట్టు కనబడుతుంది, వేలు పెట్టి పాయ తీస్తే లోపల చర్మం పొడిగానే ఉంటుంది. అందుకని ఒక చేత్తో పోస్తూ రెండో చేతి వేళ్లతో బొచ్చును ఎదురు దిశలో పైకి లేపుతూ చర్మం తడిసేదాకా పోయాలి. పొట్ట, చంకలు, తొడల లోపలివైపు, మెడ ముఖ్యం. మరొకరు ఫ్యాను తిప్పడమో, విసనకర్రతో విసరడమో చేయాలి. నీరు, గాలి కలిస్తేనే వేడి దిగుతుంది. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు పోకుండా తల ఎత్తి పట్టుకోవాలి. తెలివిగా ఉండి తానే తాగితే తాగనివ్వాలి గాని, తెలివి తప్పినదాని నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. 103.5కు దిగగానే పోయడం ఆపి, తడి ఒంటితోనే, కిటికీలు తెరిచిన వాహనంలో ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తడి దుప్పటి గురించి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మే నెలలో ఒక రైతు జర్మన్ షెపర్డ్‌ను తడిపిన గోనెసంచిలో చుట్టి ఆటోలో నా దగ్గరకు తెచ్చాడు. ఎంతో శ్రద్ధగా, కాళ్లు కూడా బయటకు కనబడకుండా చుట్టాడు. సంచి విప్పుతుంటే నా చేతికి తగిలింది చల్లని తడి కాదు, అప్పుడే దించిన అన్నం గిన్నె మూత తీసినప్పటి ఆవిరి. కప్పిన తడిబట్ట రెండు నిమిషాల్లో కుక్క ఒంటి వేడికి కాగి, ఆ వేడిని బయటకు పోనివ్వకుండా మూతలా పట్టుకుంటుంది. ఆ కుక్కను మేము దక్కించుకోలేకపోయాము. ఆ రైతు చేసింది ప్రేమతోనే, మీ అత్తగారు చేసిందీ ప్రేమతోనే. తడిబట్ట కింద పరచండి, పైన కప్పకండి. జ్వరం బిళ్ల మాత్రం ఇక ఎప్పుడూ వేయవద్దు. వడదెబ్బ జ్వరం కాదు గనుక పారాసిటమాల్ ఆ వేడిని దించలేదు, పైగా కుక్క కాలేయానికి అది హాని చేయగలదు. నొప్పుల బిళ్ల ఇబుప్రొఫెన్ ఇంకా ప్రమాదం.

లేచి తిరిగినంత మాత్రాన గండం గడిచిందనుకోకూడదు. మూత్రపిండాలు, పేగులు దెబ్బతినడం, రక్తం గడ్డకట్టే గుణం చెడటం ఒకటి రెండు రోజుల తర్వాత బయటపడతాయి. మూత్రం తగ్గినా, ముదురు రంగులో వచ్చినా, విరేచనంలో నెత్తురు కనబడినా, చర్మం మీద ఎర్రని చుక్కలు తేలినా ఆ రోజే వైద్యుడికి చూపించాలి. పట్నానికి దూరంగా ఉన్న పల్లెల వారు 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం సంగతి కనుక్కోవచ్చు. అవి ప్రధానంగా పాడిపశువుల కోసం నడిచేవే అయినా, దగ్గరలో వైద్యుడెక్కడ ఉన్నాడో అడగడంలో తప్పు లేదు.

ఎదురింటివారి భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎండలకు కుక్కలకు పిచ్చి పడుతుందన్న నమ్మకం మనలో గట్టిగా ఉంది. రేబిస్ ఎండవల్ల రాదు. రేబిస్ సోకిన జంతువు కరిచినప్పుడు దాని చొంగలోని వైరస్ వల్ల వస్తుంది, ఏ కాలంలోనైనా వస్తుంది. అయితే నురగ, తూలడం, మనిషిని గుర్తించకపోవడం రెండింటిలోనూ ఉంటాయి గనుక వడదెబ్బ తగిలిన వీధికుక్కలను పిచ్చికుక్కలని కర్రలతో కొట్టి చంపిన సందర్భాలు నేనెరుగుదును. మీ కుక్కలకు ఏటా రేబిస్ టీకా వేయించి ఆ చీటీ ఎదురింటివారికి కూడా ఒకసారి చూపించండి, మరోసారి అవసరం వస్తే వారే చెంబు పట్టుకుని వస్తారు. తెలియని వీధికుక్క అలా పడి ఉంటే దూరం నుంచి బకెట్టుతో నీళ్లు పోయండి, నోటి దగ్గర చేయి పెట్టకండి. ఒకవేళ అది కరిచినా, పుండుమీద దాని చొంగ తగిలినా, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు వెళ్లాలి.

మీ లాబ్రడార్ విషయంలో నాకు రెండు సందేహాలు ఉన్నాయి. అది బరువెక్కి ఉందా? పక్కటెముకలను చేత్తో నిమిరితే వేళ్లకు తెలియాలి. తెలియకపోతే ఎండలు ముదిరేలోగా తిండి తగ్గించి బరువు దించాలి. రెండోది, మొరుగుడులో బొంగురు వచ్చిందా, కొంచెం నడిచినా ఊపిరి తీసుకునేటప్పుడు గీరినట్టు చప్పుడవుతోందా? వయసు మళ్లే లాబ్రడార్లలో గొంతులోని స్వరపేటిక కండరాలు చచ్చుబడి గాలిదారి సరిగా తెరుచుకోకపోవడం ఉంటుంది. వగర్చడమే ఆధారమైన ప్రాణికి అది ఎంత ప్రమాదమో మీకిప్పుడు తెలుసు. ఆ చప్పుడు ఉంటే మే నెల దాకా ఆగకుండా గొంతు పరీక్ష చేయించండి. ఏమైనా ఒకసారి వడదెబ్బ తిన్న కుక్కను ముప్పు ఎక్కువగా ఉన్నదానిగానే లెక్కపెట్టి చూసుకోవాలి.

గోమార్లు కుక్క ఒంటిమీద కనబడేవి కొన్నే, మిగిలినవి మీ షెడ్డు గోడల పగుళ్లలో ఉంటాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమారి కుక్కను వదిలి గోడ ఎక్కి, పగుల్లో దూరి వేల గుడ్లు పెడుతుంది. అందుచేత కుక్కకు మందు, గోడకు పని ఒకే వారంలో జరగాలి. పగుళ్లు సిమెంటుతో పూడ్పించి, పాత గోనెలు కాల్చేసి, సున్నం వేయించండి. కుక్కకు ఒకసారి మింగిస్తే నెల నుంచి మూడు నెలల దాకా పనిచేసే బిళ్లలు ఇప్పుడు దొరుకుతున్నాయి. బరువును బట్టి వైద్యుడే రాయాలి, మూర్ఛలు వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి. పొలం పురుగుమందు నీళ్లలో కలిపి కుక్క ఒంటికి రాయడం మన జిల్లాల్లో మామూలైపోయింది. అలా రాసిన సాయంత్రానికే వణుకుతూ, చొల్లు కారుస్తూ చనిపోయిన కుక్కలను నేను చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు. గోమార్ల వల్ల వచ్చే జ్వరాలలో తిండి మానేయడం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కు వెంట నెత్తురు, కాఫీ రంగు మూత్రం కనబడతాయి. ఇవి చూస్తే ఎండ వల్లనేమోనని సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించండి.

తిండి తెల్లవారి, రాత్రి మాత్రమే పెట్టండి. మధ్యాహ్నం గిన్నెలో మిగిలిన అన్నం గంటలోనే పాడవుతుంది. ఉప్పు వేయని పలుచని మజ్జిగ, గింజలూ పెచ్చూ తీసిన పుచ్చకాయ ముక్కలు కొంచెంగా పెట్టవచ్చు. ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కూడదు. ఆవకాయ పెట్టే రోజుల్లో మామిడి టెంకలు పెరట్లో పారేయకండి. లాబ్రడార్ టెంకను చప్పరించి ఊరుకోదు, మింగేస్తుంది. అది పేగులో అడ్డుపడితే పొట్ట కోసి తీయవలసి వస్తుంది.

పెళ్లి సంగతి. ఇద్దరూ ఒకేసారి వెళ్లకుండా ఒకరు ముహూర్తానికి వెళ్లి వచ్చే వీలుంటే అదే మంచిది. వీలులేకపోతే, మీ అత్తగారు ఇంట్లోనే ఉన్నా బరువైన కుక్కను ఆవిడ ఒక్కరూ లాగలేరు గనుక, ఎదురింటి పెద్దపిల్లవాణ్ణో మరెవరినో వారం ముందు నుంచే కుక్కలకు అలవాటు చేయండి. ఉదయం, రాత్రి రావడం చాలదు, మధ్యాహ్నం పన్నెండింటికి, మూడింటికి తప్పకుండా వచ్చి చూడాలని చెప్పండి. రెండు తొట్లూ నింపించి, వాటి పక్కనే మూత వేసిన రెండు బిందెల నీళ్లు, చెంబు, విసనకర్ర నీడలో పెట్టించండి. కరెంటు పోతే ఫ్యాను తిరగదు. మీ పశువైద్యుడి నంబరు, తెలిసిన ఆటో అతని నంబరు వసారా తలుపుమీద పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. బయలుదేరే ముందు ఆ పిల్లవాడి చేత లాబ్రడార్ మీద ఒకసారి నీళ్లు పోయించి, బొచ్చు ఎదురు దిశలో లేపుతూ చర్మం తడిసేదాకా ఎలా పోయాలో దగ్గరుండి చూపించండి.